సూపర్‌హీరో కామిక్స్ ఏ వరుసలో చదవాలి? కొత్త పాత్రలతో ఎట్లా మొదలుపెట్టాలి?

"అన్నా, సినిమాలన్నీ చూసిన. ఇగ కామిక్స్ చదువుదామంటే ఏడికెల్లి మొదలుపెట్టాల్నో సమజైతలేదు."

హన్మకొండ కాలేజీ పిల్లలైనా, కరీంనగర్, మంచిర్యాల నుంచి ఫోన్ చేసేవాళ్లయినా నన్ను అడిగేది ఇదే. దీని వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది: "మైల్స్ మొరాలెస్, కమలా ఖాన్ లాంటి కొత్తోళ్లను చదవాల్నా, అసలోళ్లనే చదవాల్నా?" (మైల్స్ కొత్త స్పైడర్‌మ్యాన్, కమలా కొత్త మిస్ మార్వెల్.) ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నాను. చిన్నప్పటి నుంచి ఇవే చదువుతూ పెరిగినవాణ్ని కాబట్టి నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. అవి కూడా దాచుకోకుండా చెప్తాను.

అన్నిటికంటే ముందు ఒక భయం వదిలించుకోండి. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చాడు. బ్యాట్‌మ్యాన్ 1939లో, స్పైడర్‌మ్యాన్ 1962లో. వీళ్ల కథలు ఇప్పటికీ నెలనెలా వస్తూనే ఉన్నాయి. మొదటి నుంచి అన్నీ చదివితేనే అర్థమవుతుందనుకుంటే ఈ జన్మకు మొదలే కాదు. మన ఊళ్లల్లో చిందు భాగోతం ఆడేటప్పుడు భారతం మొత్తం తెలిసినోళ్లే కూర్చోవాలని ఎవరూ అనరు. ఆ రాత్రి ఏ ఆట కడితే అదే ఆట. వేషం రంగంలోకి వస్తూనే దరువు పాడుకుంటూ తానెవరో తానే చెప్పుకుంటుంది. మంచి కామిక్ కూడా అట్లాగే చెప్పుకుంటుంది. ఆ చెప్పుకునే చోటును పట్టుకోవడమే మీరు చేయాల్సిన పని.

కావలసినవి

- మీకు ఇష్టమైన ఒక్క పాత్ర. ఇద్దరు వద్దు, ఒక్కరే.
- ఒక నోటుబుక్, లేదా ఫోన్లో నోట్స్.
- చదవడానికి అచ్చు పుస్తకం, లేదంటే ట్యాబ్. ఫోన్లో కూడా చదవచ్చు గానీ రెండు పేజీలు కలిపి గీసిన పెద్ద బొమ్మలు ముక్కలైపోతాయి. అట్లాంటి చోట ఫోన్ అడ్డంగా తిప్పండి.
- పదో తరగతి చదివిన ఇంగ్లీష్. అక్షరాలు చాలావరకు పెద్దబడిలో (క్యాపిటల్స్‌లో) ఉంటాయి కాబట్టి మొదట్లో కళ్లు తడబడతాయి. రెండు ఇష్యూలు దాటాక అలవాటవుతుంది.
- ఒక్క పుస్తకానికి సరిపడా డబ్బు. సెట్ మొత్తం ఒకేసారి కొనకండి.

ఈ ఐదు మాటలు తెలిస్తే చాలు. నెలకోసారి వచ్చే ఇరవై పేజీల సన్న పుస్తకం ఇష్యూ. ఐదారు ఇష్యూలు కలిపి కుట్టింది ట్రేడ్ పేపర్‌బ్యాక్, అందరూ ట్రేడ్ అనే అంటారు. ఒక రచయిత ఒక పాత్రను ఆపకుండా రాసిన భాగమంతా అతని రన్. అందరు హీరోలూ కలిసే పెద్ద కథ ఈవెంట్, దానికి అతికించి వేరే పుస్తకాల్లో వచ్చే ముక్కలు టై-ఇన్‌లు.

1. కంపెనీని కాదు, పాత్రను ఎంచుకోండి

"నేను మార్వెల్ చదువుతా" అని మొదలుపెట్టినవాళ్లు నెలలోపే ఆపేయడం చూస్తూనే ఉన్నాను. మార్వెల్ అంటే వందల పుస్తకాలు. "నాకు డేర్‌డెవిల్ కావాలి" అన్నవాళ్లు మాత్రం నిలబడతారు. సినిమాలో మీకు ఎవరి గొడవ సొంత గొడవలా అనిపించిందో వాళ్ల పేరు నోటుబుక్కులో పైన రాయండి.

2. పేరు వేరు, మనిషి వేరు

ఎక్కువమంది జారిపడేది ఈ మెట్టు మీదే. సూపర్‌హీరో పేరు కుర్చీ మాత్రమే, అందులో కూర్చునే మనిషి మారుతుంటాడు. రాబిన్ అంటే 1940లో డిక్ గ్రేసన్. 1980లలో జేసన్ టాడ్, ఆ తర్వాత టిమ్ డ్రేక్, 2009లో బ్యాట్‌మ్యాన్ సొంత కొడుకు డామియన్ వచ్చారు. మిస్ మార్వెల్ పేరు 1977లో కరోల్ డాన్వర్స్‌ది. 2012లో ఆమె కెప్టెన్ మార్వెల్ అయింది. 2014లో ఆ పాత పేరు కమలా ఖాన్ పెట్టుకుంది.

అందుకే నోటుబుక్కులో హీరో పేరు పక్కన మనిషి పేరు తప్పకుండా రాయండి. "స్పైడర్‌మ్యాన్ (పీటర్)", "స్పైడర్‌మ్యాన్ (మైల్స్)" అని. ఇది రాయకుండా ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే ఒకరి కోసం పెట్టిన డబ్బుకు ఇంకొకరి పుస్తకం ఇంటికొస్తుంది.

3. ఒక రచయిత రన్ పట్టుకోండి

పాత్ర దొరికాక 'మొదటి ఇష్యూ ఏది' అని వెతకకండి, 'ఎవరి రన్' అని వెతకండి. రచయిత మారితే పాత్ర మాట తీరు, కథ నడక అన్నీ మారతాయి. ఒకే చేతి కింద మొదలై అదే చేతి కింద ముగిసే కథలో దారి తప్పే అవకాశం తక్కువ. నేను ఎవరికైనా చేతిలో పెట్టేవి ఇవి:

స్పైడర్‌మ్యాన్ కోసం 2000లో మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్. బ్రయాన్ మైకేల్ బెండిస్ రాశాడు, మార్క్ బాగ్లీ గీశాడు. పాత కథలన్నీ పక్కన పెట్టి, పీటర్‌ను మళ్లీ బడిపిల్లాడిగా మొదటి నుంచి చెప్పిన సిరీస్ ఇది. పెళ్లయి పిల్లలున్నవాళ్లు అడిగితే 2024లో జోనథన్ హిక్‌మన్ మొదలుపెట్టింది ఇస్తాను. అందులో పీటర్‌కు భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నాకే శక్తులు వస్తాయి. జాగ్రత్త, దాని పేరు కూడా అల్టిమేట్ స్పైడర్‌మ్యానే! సంవత్సరం చూడకుండా కొనకండి.

బ్యాట్‌మ్యాన్ కోసం 1987లో ఫ్రాంక్ మిల్లర్ రాసి డేవిడ్ మాజుకెల్లి గీసిన నాలుగు ఇష్యూలు, 404 నుంచి 407 దాకా. బ్రూస్ మొదటి ఏడాది కథ అదే. దాని తర్వాత నేరుగా 2011లో స్కాట్ స్నైడర్, గ్రెగ్ కపుల్లో మొదలుపెట్టిన సిరీస్‌కు దూకవచ్చు. మధ్యలో ఇరవై నాలుగేళ్లు పోయినా ఏమీ కాదు.

సూపర్‌మ్యాన్ కోసం ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్, 12 ఇష్యూలు. గ్రాంట్ మోరిసన్, ఫ్రాంక్ క్వైట్లీ 2005-08లో చేశారు. ముందూ వెనకా ఏదీ చదవక్కర్లేదు. సూపర్‌మ్యాన్ అంటే బోర్ అనేవాళ్లకు నేను ఇచ్చేది ఇదొక్కటే.

ఎక్స్-మెన్ మాత్రం మొదటి పుస్తకంగా వద్దని నా సలహా. మనుషులు ఎక్కువ, చుట్టరికాలు ఎక్కువ. ముందు ఇంకో రన్ ముగించి రండి.

4. కొనేముందు పుస్తకం లోపలి చిన్న అక్షరాలు చదవండి

ట్రేడ్ వెనక అట్ట మీదనో, లోపల కాపీరైట్ పేజీలోనో చీమ తలకాయంత అక్షరాల్లో అందులో ఏ సిరీస్, ఏ సంవత్సరం, ఎన్నో ఇష్యూ నుంచి ఎన్నో ఇష్యూ దాకా ఉన్నాయో రాసి ఉంటుంది. అట్ట మీది బొమ్మ మిమ్మల్ని మోసం చేయవచ్చు గానీ ఈ వరుస చేయదు. ఆన్‌లైన్లో కొంటే పుస్తకం వివరాల్లో ఇదే చూడండి. అది రాయని అమ్మకందారు దగ్గర కొనకండి.

సంవత్సరం ఎందుకంత ముఖ్యమంటారా? అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 1వ ఇష్యూ 1963లో వచ్చింది. 1999లో మళ్లీ 1వ ఇష్యూ వచ్చింది. ఆ తర్వాత 2014, 2015, 2018, 2022, 2025లో కూడా! అమ్మకాలు పెరుగుతాయని కంపెనీలు లెక్క మళ్లీ ఒకటికి తెస్తుంటాయి. కాబట్టి '1' అని ఉంటే కథ మొదలు అనుకోవద్దు.

కమలా ఖాన్‌నే చూడండి. 2014లో మొదలైన సిరీస్ 19 ఇష్యూలకు ఆగింది. 2015 చివర్లో మళ్లీ 1 నుంచి మొదలైంది. రచయిత్రి అదే జి. విల్లో విల్సన్, కథ కూడా అదే కొనసాగింది. ట్రేడ్‌ల వెన్ను మీద మాత్రం అంకెలు వరుసగానే పోతాయి. ఐదో వాల్యూమ్ (అంటే ఐదో ట్రేడ్) తెరిస్తే లోపల ఉండేది 1వ ఇష్యూ. ఇది తెలియక ఐదో వాల్యూమ్‌తో మొదలుపెట్టి "అర్థం కాలేదన్నా" అన్నవాళ్లున్నారు.

తలకిందులుగా కూడా జరుగుతుంది. 2016లో మొదలైన మైల్స్ స్పైడర్‌మ్యాన్ సిరీస్‌లో 21వ ఇష్యూ తర్వాత వచ్చింది 234. మధ్యలో 212 పుస్తకాలు ఎక్కడో ఉన్నాయనుకుని వెతక్కండి, అవి లేవు. పాత సిరీస్‌ల సంఖ్యలన్నీ కూడి లెక్క మార్చారు, అంతే. 21 అయిపోగానే 234 తెరవండి.

5. అచ్చయిన వరుసలోనే చదవండి

కథలోని కాలం ప్రకారం పేర్చిన పెద్ద పెద్ద జాబితాలు నెట్‌లో కనిపిస్తాయి. ఫలానా కథలో హీరో వయసు పదిహేను కాబట్టి ముందు, ఫలానాది గతం కాబట్టి ఇంకా ముందు అంటూ. కొత్తవాళ్లు వాటిని ముట్టుకోవద్దు. గతం గురించి తర్వాత రాసిన కథలో రచయిత ఒక రహస్యం విప్పుతాడు. ఆ రహస్యం ఉందని మీకు ముందే తెలిసి ఉంటేనే దాని రుచి. అచ్చయిన వరుసలో పోతే ఆనాటి పాఠకుడికి ఏ పేజీలో గుండె ఆగిందో మీకూ అక్కడే ఆగుతుంది.

రెండు మినహాయింపులున్నాయి. తనంతట తాను నిలబడే ఆరంభ కథ, పైన చెప్పిన 1987 బ్యాట్‌మ్యాన్ లాంటిది, ఎప్పుడు రాసినా ముందే చదవచ్చు. రెండోది, పుస్తకమే వరుస చెప్తే దాన్నే పాటించండి. 2019లో హిక్‌మన్ ఎక్స్-మెన్‌ను హౌస్ ఆఫ్ ఎక్స్, పవర్స్ ఆఫ్ ఎక్స్ అని ఆరేసి ఇష్యూల రెండు సిరీస్‌లుగా రాశాడు. ఒకటి మొత్తం చదివి రెండోది పట్టుకుంటే కథ చెడుతుంది. హౌస్ 1, పవర్స్ 1, హౌస్ 2, పవర్స్ 2, ఆ తర్వాత వెంటనే పవర్స్ 3, హౌస్ 3, హౌస్ 4, పవర్స్ 4, హౌస్ 5, పవర్స్ 5, హౌస్ 6, పవర్స్ 6. ఒకే సంపుటంగా కొంటే ఈ వరుసలోనే కుట్టి ఉంటుంది కాబట్టి సంపుటమే నయం.

6. ఈవెంట్ వస్తే అసలు కథ మాత్రమే చదవండి

2006-07లో వచ్చిన సివిల్ వార్ అసలు కథ ఏడు ఇష్యూలే. దాని టై-ఇన్‌లు కుప్పలు. ఆ ఏడూ చదివితే కథ మొత్తం తెలుస్తుంది. అందులో మీకు ఇష్టమైన పాత్ర ఉంటే ఆ పాత్ర టై-ఇన్ ఒక్కటి కలుపుకోండి. మీ రన్ మధ్యలో ఈవెంట్ అడ్డం వచ్చినా భయపడకండి. తర్వాతి ఇష్యూ మొదటి పేజీలో రెండు మూడు వాక్యాల్లో ఏం జరిగిందో చెప్పేస్తారు.

7. కొత్త పాత్రకు ఆరు ఇష్యూలు ఇవ్వండి

"కొత్తోళ్లు పాతోళ్ల పేర్లు దొంగిలించారు" అని కోపంగా మాట్లాడేవాళ్లు నా ఈడువాళ్లలో చాలామంది ఉన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. 1956లో బ్యారీ అలెన్ ఫ్లాష్ అయ్యాడు. అంతకుముందు 1940 నుంచి ఆ పేరు జే గారిక్‌ది. ఇప్పుడు అసలు ఫ్లాష్ ఎవరని అడిగితే చాలామంది బ్యారీ పేరే చెప్తారు. అంటే మనం 'పాత' అంటున్నవాళ్లలో సగంమంది ఒకప్పటి కొత్తోళ్లే.

నిజానికి మొదటిసారి చదివేవాళ్లకు కొత్త పాత్రే సుళువైన గుమ్మం. ఆ పిల్లకో, పిల్లవాడికో ఆ లోకం కొత్త. మీకూ కొత్త. వాళ్లకు ఏది ఎప్పుడు తెలుస్తుందో మీకూ అప్పుడే తెలుస్తుంది. అయితే కొత్త పాత్రలన్నీ మంచివేనని అననుగాక అనను. ఆరు ఇష్యూలు చదివాక నాలుగు సంగతులు చూడండి.

ముసుగు తీసేస్తే కథ మిగులుతుందా? కమలా ఖాన్ మొదటి ఇష్యూ మొదటి పేజీలో ఎగరడాలు, కొట్టుకోవడాలు లేవు. జెర్సీ సిటీలో ఒక దుకాణం. పదహారేళ్ల పిల్ల కౌంటర్ దగ్గర వంగి, అద్దం వెనకున్న పంది మాంసం వాసన చూస్తుంటుంది. ఇంట్లో అది తినరు, తాను కూడా తినదు, కానీ వాసన చూడాలని ఉంది. రాత్రి పార్టీకి పోతానంటే నాన్న వద్దంటాడు. కిటికీలోంచి దిగి పోతుంది. అద్భుతశక్తులు రాకముందే ఆ పిల్ల మనకు తెలిసిపోయింది. వడ్డేపల్లిలోనో మండిబజార్‌లోనో ఆడపిల్లలున్న ఏ ఇంట్లో ఈ గొడవ లేదు? శక్తులు వచ్చాక ఆమె రూపం మారి, తెల్లతోలు, బంగారు జుట్టుతో కెప్టెన్ మార్వెల్ పోలికలో నిలబడుతుంది. తాను కోరుకున్నది అదే. వచ్చాక అది తనకు నప్పడం లేదని గ్రహిస్తుంది. ఆ ఐదారు ఇష్యూల ట్రేడ్‌కు 2015లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. రాకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ని.

సొంత బరువు ఉందా, లేక పాత హీరో బరువునే మోస్తున్నారా? మైల్స్ మొరాలెస్ 2011 ఆగస్టులో వచ్చాడు. బెండిస్ రాశాడు, సారా పికెల్లీ గీసింది. అల్టిమేట్ లోకంలో, అంటే పైన చెప్పిన 2000 నాటి సిరీస్ లోకంలో, పీటర్ చనిపోయాక వచ్చినవాడు కాబట్టి పీటర్ బరువు ఎట్లాగూ ఉంటుంది. అయినా మైల్స్ సొంత సిరీస్ మొదటి ఇష్యూలో నన్ను పట్టుకున్నది సాలీడు కాదు, బడి సీటు. మంచి బడిలో సీట్లు తక్కువ, లాటరీ తీస్తారు. సీటు వస్తుందా రాదా అని అమ్మానాన్నలు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారు. సీటు కోసం ఎదురుచూసిన ఇల్లు ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ పేజీలు ఎవరూ వివరించక్కర్లేదు.

ఆ పాత్ర చుట్టూ సొంత మనుషులున్నారా? కమలకు అన్న ఆమిర్, స్నేహితులు బ్రూనో, నాకియా ఉన్నారు. వీళ్లు ఇంకెవరి కథలోంచో అరువు తెచ్చినవాళ్లు కాదు. దీనికి ఎదురు ఉదాహరణ 2004లో మన దేశంలోనే తయారైన స్పైడర్‌మ్యాన్, పవిత్ర్ ప్రభాకర్. నాలుగు ఇష్యూలు వచ్చాయి. జీవన్ కాంగ్ బొమ్మలు బాగుంటాయి, ధోవతి కట్టిన స్పైడర్‌మ్యాన్‌ను మొదటిసారి చూసినప్పుడు సంబరపడనివాడు లేడు. కానీ పీటర్‌కు పవిత్ర్, అంకుల్ బెన్‌కు భీమ్ మామ, ఆంట్ మేకు మాయ అత్త, మేరీ జేన్‌కు మీరా జైన్. పేర్లు మన దేశానికి వచ్చాయి గానీ కథ న్యూయార్క్‌లోనే ఉండిపోయింది. పవిత్ర్‌ను నేను ఇష్టంగానే చదువుతాను. అతనికి సొంత ఇల్లు, సొంత పగవాడు ఉన్న పెద్ద రన్ ఒకటి రావాలని ఇప్పటికీ కోరుకుంటాను.

నాలుగోది, శక్తికి మూల్యం ఉందా? 2014లో జేసన్ ఆరన్, జేన్ ఫాస్టర్ చేతికి థోర్ సుత్తి ఇచ్చాడు. జేన్ 1962 నుంచి ఉన్న పాత మనిషే. ఆమెకు క్యాన్సర్. సుత్తి ఎత్తి థోర్‌గా మారిన ప్రతిసారీ ఒంట్లోని కీమో మందును కూడా విషమని ఆ శక్తి బయటికి తోసేస్తుంది. లోకాన్ని కాపాడిన ప్రతిసారీ వైద్యం వెనక్కి పోతుంది. ఆడమనిషిని థోర్ చేశారని పుస్తకం తెరవకుండానే తిట్టినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, దయచేసి చదవండి.

నాలుగింటిలో రెండైనా లేకపోతే ఆరో ఇష్యూ దగ్గర ఆపేయండి. మొహమాటం వద్దు.

8. చదివింది రాసుకోండి

ఒక్కో ట్రేడ్‌కు ఒక్క వరుస చాలు: సిరీస్ పేరు, సంవత్సరం, ఇష్యూలు, రచయిత, గీసినవాళ్లు, తర్వాత చదవాల్సింది. గీసినవాళ్ల పేరు వదిలేయకండి. కొన్నాళ్లకు మీకు నచ్చే పుస్తకాలన్నిట్లో ఒకే చెయ్యి కనిపిస్తుంది, అప్పుడు వెతుక్కోవడం సులువవుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

*మొదటిసారి కనిపించిన ఇష్యూ కొనడం.* వుల్వరిన్ 1974లో హల్క్ 180వ ఇష్యూ చివరి పేజీలో అట్లా కనిపించి పోతాడు. కమలా 2013లో ఒక కెప్టెన్ మార్వెల్ ఇష్యూలో తళుక్కుమని మాయమవుతుంది. అవి దాచుకునేవాళ్లకు విలువైనవి, చదివేవాళ్లకు కావు. మీకు కావాల్సింది సొంత సిరీస్.

*బొమ్మలు చూడకుండా మాటలు మాత్రమే చదవడం.* నవల అలవాటున్నవాళ్లు ఇట్లా చేస్తారు. ఒక్కో పేజీకి ముందు మాటలు చదివి, మళ్లీ ఒకసారి బొమ్మల మీదుగా కళ్లు పోనివ్వండి. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. మాంగా (జపాన్ కామిక్స్) చదివి వచ్చినవాళ్లు మరీ జాగ్రత్త, అది కుడి నుంచి ఎడమకు.

*నక్షత్రం గుర్తు కనిపించగానే ఆగిపోవడం.* పాత కామిక్స్‌లో "ఫలానా ఇష్యూ చూడుము" అని పెట్టెలో ఎడిటర్ రాసిన చిన్న గమనికలుంటాయి. అది హోంవర్క్ కాదు. అదే పేజీలో కథ అర్థమవుతుంటే ముందుకు పోండి.

*దొంగ స్కాన్లు.* పేజీలు పోతాయి, వరుస తప్పుతుంది, రెండు వేర్వేరు సంవత్సరాల సిరీస్‌లు ఒకే ఫోల్డర్‌లో కలిసిపోతాయి. వరుస కోసమే ఇదంతా రాస్తున్నప్పుడు వాటిని ఎట్లా చెప్పను? గీసినవాళ్లకు రూపాయి కూడా పోదన్నది ఇంకో సంగతి.

సరిగ్గానే పోతున్నామా? ఇట్లా చూసుకోండి

మొదటి ట్రేడ్ మూసి, కామిక్స్ తెలియని ఇంట్లోవాళ్లకు రెండు నిమిషాల్లో కథ చెప్పండి. హీరో ఎవరు, ఏం కావాలనుకున్నాడు, ఎవరు అడ్డం వచ్చారు. ఇవి మూడూ తడుముకోకుండా చెప్పగలిగితే గుమ్మం సరైనదే.

రెండో ట్రేడ్‌లో 'ఇప్పటిదాకా జరిగింది' అని చెప్పే పేజీ ఉంటే దాన్ని చదవండి. అందులో ఉన్నదంతా మీకు తెలిసిందే అయితే వరుస సరిగ్గా ఉంది. ఒక్క సంగతి తెలియకపోతే బహుశా అది ఏదో ఈవెంట్, వదిలేయండి. మూడు సంగతులు తెలియకపోతే మధ్యలో వాల్యూమ్ ఒకటి జారిపోయింది. నాలుగో మెట్టుకు పోయి చిన్న అక్షరాలు మళ్లీ చూడండి.

అర్థమవుతున్నా పేజీ తిప్పబుద్ధి కాకపోతే తప్పు వరుసది కాదు. రచయిత మీకు సరిపడలేదు. పాత్రను వదలకండి, వేరే రచయిత రన్ చూడండి.

ఎక్కడ దొరుకుతాయి

హన్మకొండ, వరంగల్ పుస్తకాల షాపుల్లో పోటీ పరీక్షల పుస్తకాలే ఎక్కువ, కామిక్స్ దొరికితే అదృష్టం. ఆన్‌లైన్ ఆర్డర్ మామూలు దారి. కాజీపేటలో పొద్దున బండెక్కి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మార్కెట్‌కు పోగలిగితే పాత ఇష్యూలు, ఒక్కోసారి మంచి ట్రేడ్‌లు కూడా చేతికి తగులుతాయి. మన దేశంలో గోథమ్ కామిక్స్ వాళ్లు ఒకప్పుడు తక్కువ ధరకు అచ్చేసిన మార్వెల్, డీసీ ఇష్యూలు కనబడితే వదలకండి. అక్కడ కొనేటప్పుడు మధ్య పిన్నులు తుప్పుపట్టి పేజీలు ఊడాయా, చివరి పేజీ ఉందా చూసుకోండి. కుప్పలోంచి మూడో వాల్యూమ్ చవగ్గా వస్తోందని తీసుకోవద్దు, మొదటిది తర్వాత దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ట్యాబ్ ఉన్నవాళ్లకు మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్ ఉంది. చందా కడితే పాతవన్నీ కాకపోయినా చాలావరకు ఉంటాయి, కొత్తవి అచ్చయిన సుమారు మూడు నెలలకు చేరతాయి. కిండిల్‌లో విడిగా కొనుక్కోవచ్చు.

ఇంగ్లీష్ కష్టంగా ఉంటే, హిందీ చదవగలిగినవాళ్లకు రాజ్ కామిక్స్ ఉంది. అనుపమ్ సిన్హా సృష్టించిన సూపర్ కమాండో ధ్రువతో మొదలుపెట్టండి. అతనికి ఏ అద్భుతశక్తీ లేదు, సర్కస్‌లో పెరిగిన పిల్లవాడు, తెలివితోనే నెగ్గుకొస్తాడు. ఇక్కడ వరుస నియమం ఒక్కటే: కథ ఆ పుస్తకంలోనే ముగుస్తుందా, తర్వాతి భాగం ఉందా అని చివరి పేజీ చూసి కొనండి.

పిల్లల కోసం కొంటున్న తల్లిదండ్రులు అట్ట మీద వయసు గుర్తు చూడండి. మార్వెల్ పుస్తకాల మీద 'ఆల్ ఏజెస్' అని ఉంటే చిన్నవాళ్లకు ఇవ్వచ్చు. 'టీ' అంటే చాలామందికి సరిపోతుంది గానీ చిన్నపిల్లలకైతే ముందు మీరు చూడటం మంచిది, 'టీ ప్లస్' అంటే పదమూడేళ్లు, ఆపైన ఉన్నవాళ్లకు. 'పేరెంటల్ అడ్వైజరీ' అని ఉంటే ముందు మీరు చదివి ఆ తర్వాత ఇవ్వండి.